రాళ్ళ మిషనులో సరస్వతి కార్డు

మీరు ఆళ్ళగడ్డకు ఎప్పుడైనా పోతే సామ్యేలును ఒక్కసారి కలవాల్సిందే. బస్సు దిగి, రాళ్ళు చెక్కే షెడ్లు వరసగా ఉండే రోడ్డు పట్టుకోండి. ఒక షెడ్డులో ఉలి చప్పుడు, పక్క షెడ్డులో ఉలి చప్పుడు, ముందర సగం చెక్కిన నందులు, ముక్కు ఇంకా రాని దేవుళ్ళు. ఒక షెడ్డులో మాత్రం ఉలి ఉండదు. కీచుమని ఒకటే మోత. అక్కడ ఆగండి. రాతి పొడి పట్టి కనుబొమలు కూడా తెల్లబడిపోయిన మనిషి ఒకాయన చేతిలో డబ్బాలాంటిది పట్టుకుని నిలబడి ఉంటాడు. ఆయనే సామ్యేలు. పలకరిస్తే పలుకుతాడు. పలకరించకపోతే సాయంత్రం దాకా అలాగే నిలబడతాడు.

ఆ మోత చేసేది రాతి మీద పేర్లు, పూలు, తోరణాలు చెక్కే మిషను. ఏం చెక్కాలో చెప్పే డిజైను ఆ చేతి డబ్బాలో ఉంటుంది. దాన్ని వాళ్ళు హ్యాండిల్ అంటారు. దాని పక్కన చిన్న సందు, ఆ సందులో గోరంత మెమొరీ కార్డు. పొద్దున మిషను ఆన్ చేయగానే కార్డులో ఉన్న పేర్లన్నీ హ్యాండిల్ తెర మీద వరసగా వస్తాయి. కింది బాణం నొక్కుకుంటూ పోయి, కావాల్సిన పేరు దగ్గర ఆగి, ఓకే కొట్టాలి. ఇక మిషను చూసుకుంటుంది. సామ్యేలు పదకొండేళ్ళుగా చేస్తున్న పని ఇదే.

నేను చెప్పబోయేదంతా ఆ కార్డు గురించే. అది మిషను కోసం కొన్నది కాదు. ఆయన భార్య సరస్వతి ఫోనులోది.

సరస్వతి బడిలో మధ్యాహ్న భోజనం వండేది. ఇంట్లో మాట్లాడేది ఆమె, వినేది ఈయన. పిల్లలు లేరు కాబట్టి మాటలన్నీ ఈయనకే. కందిపప్పు ఉడకని సంగతి, హెడ్‌మాస్టరు మూడోసారి సాంబారు పోయించుకున్న సంగతి, చర్చిలో ఎవరు ఎవరి పక్కన కూర్చోలేదో ఆ సంగతి. నిరుడు ఎండాకాలం ఆమె నంద్యాలలో ఆస్పత్రిలో చేరి, పన్నెండు రోజులుండి, అక్కడే పోయింది. పోవడానికి మూడు నాలుగు రోజుల ముందు, సామ్యేలు ఇడ్లీ పొట్లం పట్టుకుని వార్డులోకి వస్తుంటే ఆమె ఫోను నోటి దగ్గర పెట్టుకుని మెల్లగా ఏదో చెప్పుకుంటూ కనిపించింది. ఈయన్ని చూసి ఫోను బోర్లా పెట్టేసింది.

"ఏందీ, ఎవురితో మాట్లాడతాండావు?" అన్నాడు.

"నీతోనే. రికార్డు చేస్తాండా. ఇంటికి పోయినాక విందువులే. ఇడ్లీ సల్లారిపోతాది, పెట్టు."

ఆమె ఇంటికి రాలేదు. ఈయన వినలేదు.

తొమ్మిదో రోజు సామ్యేలు పనిలోకి వచ్చాడు. రావద్దని ఎవరూ అనలేదు, రమ్మని కూడా ఎవరూ అనలేదు. ఇంట్లో కూర్చుంటే గోడ కనిపిస్తోంది, ఇక్కడైతే రాయి కనిపిస్తుంది, అంతే తేడా. ఆ రోజే మిషను కార్డును సందులోంచి లాగబోతే అంచు పుటుక్కున విరిగింది. షెడ్డు ఓనరు లక్ష్మీనారాయణ తల పట్టుకున్నాడు. కొత్తది కావాలంటే నంద్యాల పోవాలి, మధ్యాహ్నానికి శిరివెళ్లకు తోరణం రాయి పంపాలి. సామ్యేలు చొక్కా జేబులో సరస్వతి ఫోను ఉంది. ఎందుకుందో ఆయనకే తెలియదు, ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు పెట్టుకున్నది అలాగే ఉండిపోయింది. వెనక మూత తీసి, కార్డు బయటికి తీసి, షెడ్డు కంప్యూటర్లోంచి డిజైన్లు అందులోకి ఎక్కించి, హ్యాండిల్లో గుచ్చాడు. ఒక్కరోజుకే అనుకున్నాడు. ఒక్కరోజు తొమ్మిది నెలలైంది.

ఆ కార్డు పెట్టిన మొదటి పొద్దున తెర మీద డిజైన్ల పేర్లన్నీ వచ్చాయి. వాటి మధ్యలో ఒక పేరు, VOICE అని. సరస్వతి మాటలున్న ఫోల్డరు. రాళ్ళ మిషను దాన్ని తెరవలేదు, పేరు మాత్రం చూపిస్తుంది. సామ్యేలు బాణం నొక్కుతూ దాన్ని దాటి, తోరణం దగ్గర ఆగి ఓకే కొట్టాడు. మరుసటి రోజూ అంతే. ఏ డిజైను కావాలన్నా ఆ పేరును దాటుకునే పోవాలి. దాటేటప్పుడు బొటనవేలు ఒక్క క్షణం ఆగేది. కొన్నాళ్ళకు అది కూడా ఒక పనైపోయింది, మిషనుకు నూనె వేసినట్టు, నీళ్ళ పైపు విప్పినట్టు. ఆమె సమాధి రాయి కూడా ఆ కార్డులోంచే, ఆ మిషను మీదే చెక్కాడు. పేరు, రెండు తేదీలు, ఒక వాక్యం. ఇరవై రెండు నిమిషాలు పట్టింది. ఫోనుకు పెట్టి ఆ మాటలు వినాలంటే ఏ రోజైనా వినొచ్చు. విననూ లేదు, అది ఎవరి కార్డో ఎవరికీ చెప్పనూ లేదు. ఆ వానాకాలంలోనే పిడుగు పడి షెడ్డులోని కంప్యూటర్ కాలిపోయింది. దాంతో నూటయాభైకి పైగా డిజైన్లకు కూడా ఆ గోరంత కార్డే దిక్కైంది.

ఈ ఏడు ఫిబ్రవరిలో మిషను మొండికేయడం మొదలుపెట్టింది.

బనగానపల్లెలో మామిడికాయల వ్యాపారం చేసే వాళ్ళు కొత్త ఇల్లు కట్టుకుని, గేటు స్తంభానికి పేరు రాయి చెప్పారు. నల్లరాయి. సగం అక్షరాలు పడ్డాక హ్యాండిల్ తెర మీద అంకెలు నిలిచిపోయాయి. ఏ బటన్ నొక్కినా ఉలుకూ లేదు పలుకూ లేదు. రాతిని కొరికే బిట్టు మాత్రం తిరగడం మానలేదు, ఉన్నచోటే తిరిగి తిరిగి రాయిలో శనగగింజంత బొక్క పెట్టింది. సామ్యేలు ఎర్ర బటన్ గుద్ది ఆపాడు. మళ్ళీ మొదటి నుంచి నడిపి అక్షరాలు ఎలాగో పూర్తి చేశాడు కానీ బొక్క బొక్కే. గృహప్రవేశం ముహూర్తం దాటిపోతుందని వాళ్ళు ఆ రాయినే ట్రాలీలో వేసుకుపోయారు.

తర్వాత రెండు రోజులు బాగానే నడిచింది. మూడో రోజు మళ్ళీ బిగుసుకుంది, ఇంకో రాయి పాడైంది.

లక్ష్మీనారాయణ కరెంటును అనుమానించాడు. పొలాల్లో మోటార్లు ఆన్ చేసే టైముకే ఇదవుతోందని స్టెబిలైజరు మార్పించాడు. సామ్యేలు ఎర్తు గుంత తవ్వి, బొగ్గు, ఉప్పు వేసి, బిందెడు నీళ్ళు పోశాడు. ఒకరోజు నడిచింది, ఆగిపోయింది. కేబుల్ మీద నీళ్ళు పడుతున్నాయేమోనని ప్లాస్టిక్ కవరు చుట్టారు. హ్యాండిల్ విప్పి సైకిల్ పంపుతో దుమ్ము ఊదారు. అంత దుమ్ము వచ్చాక ఇంక బాగైనట్టే అని పక్క షెడ్డు వాళ్ళు కూడా నమ్మారు. మర్నాడు పొద్దున పదింటికి మళ్ళీ ఆగింది. పక్క షెడ్డులో ఉలి పట్టుకునే గురవయ్య గోడ మీదుగా తొంగి చూసి, "నా ఉలి ఇంతవరకూ హ్యాంగ్ కాలేదప్పా," అని నవ్వుకుంటూ పోయాడు.

ఇక్కడ మీకొకటి చెప్పాలి. సామ్యేలుకు తెలుసు. మొదటి రాయి పాడవడానికి ముందు రోజు పొద్దునే ఆయన చూశాడు. తెర మీద VOICE అని ఉండాల్సిన చోట V తర్వాత రెండు గళ్ళు, ఒక ప్రశ్నార్థకం కనిపించాయి. మిషను ఆపి ఆన్ చేస్తే మామూలుగానే వచ్చింది. మర్నాడు మళ్ళీ గళ్ళు. కార్డు చెడుతోందని ఆయనకు అప్పుడే అర్థమైంది. అయినా ఎర్తు గుంతలో ఉప్పు పోశాడు, పంపుతో దుమ్ము ఊదాడు, ఓనరు చెప్పిందల్లా చేశాడు. కార్డు అనే మాట ఎత్తితే దాన్ని బయటికి తీస్తారు. తీస్తే అందులో ఏముందని అడుగుతారు. ఆయన ఆలోచన అంతకంటే ముందుకు పోలేదు.

చివరికి నంద్యాల నుంచి అజయ్ కుమార్ అనే మెకానిక్ వచ్చాడు. పాతికేళ్ళుంటాయి. రాయి తీసేయమని, బిట్టును పైకెత్తి గాలిలోనే డిజైను నడిపించాడు. అదే చోట ఆగింది. రెండోసారి నడిపినా అదే చోట. తన దగ్గరున్న కార్డులోంచి చిన్న పువ్వు డిజైను పెట్టి నడిపితే ఎక్కడా ఆగకుండా పూర్తయింది. మళ్ళీ నడిపాడు, మళ్ళీ పూర్తయింది. మొత్తం అరగంట పని.

"కరెంటు లేదు, కాకరకాయ లేదు. కార్డు పాడైంది," అన్నాడు. "ఫార్మాట్ కొట్టి అంతా తుడిచేస్తే ఐపోతాది. ఇట్లియ్యన్నా."

సామ్యేలు కార్డు ఇవ్వలేదు. గుప్పిట్లో పెట్టుకుని నిలబడ్డాడు. అజయ్ కుమార్ చెయ్యి చాపే ఉన్నాడు.

అప్పుడు ఆదుకున్నది ఓనరే, తెలియక. "ఫార్మాట్ గీర్మాట్ ఏం వద్దప్పా, నా డిజైన్లన్నీ దాంట్లోనే ఉండాయి," అని అడ్డం పడ్డాడు. చెడిపోయిన కార్డుల్లోంచి ఫైళ్ళు తీసే అమ్మాయి నంద్యాలలో ఉందని అజయ్ కుమార్ అడ్రసు చెప్పాడు. సామ్యేలు పోవాలని తేలింది.

"బేగా పోయి రా సామేలూ. డిజైన్లు ముందు తీయించు. మిగతాది ఏముంటే అది," అన్నాడు లక్ష్మీనారాయణ.

సామ్యేలు తలూపాడు.

కార్డును అగ్గిపెట్టెలో పెట్టి, అగ్గిపెట్టెను జేబులో పెట్టుకుని బస్సెక్కాడు. శిరివెళ్ల దగ్గర ఎక్కిన ఒకాయన బీడీకి అగ్గిపెట్టె అడిగితే లేదన్నాడు. జేబులో ఉబ్బెత్తుగా కనిపిస్తున్నదాన్ని ఆయన చూసి, ఈయన మొహం చూసి, కిటికీ వైపు తిరిగాడు.

నంద్యాలలో ఆ అమ్మాయి పేరు అర్చన. బస్టాండుకు దగ్గర్లో మంచమంత షాపు. కార్డును భూతద్దం కింద పెట్టి చూసి, దీన్ని యాడ పెట్టినారన్నా, పిండిమరలోనా అని అడిగింది. రాళ్ళ మిషనులో అని చెప్పాడు. కార్డు పాడైతే అంత పెద్ద మిషను ఎందుకు ఆగిపోతుందని అడిగాడు సామ్యేలు. అది తెలుసుకోవాలని కాదు. ఏదో ఒకటి అడగాలి కాబట్టి అడిగాడు.

"మీ మిషను ఒక్కో ముక్క కార్డును అడిగి తెచ్చుకుంటాదన్నా. వాకిట్లో నిలబడి పిలుస్తాంటే లోపల్నుంచి ఎవురూ పలకలేదనుకో, ఏం చేస్తావు? పోలేవు, లోపలికి రాలేవు. ఆన్నే నిలబడి ఉంటావు గదా. మిషనూ అంతే. అది పాడు కాలా. పలుకుతాదని కాసుకోని ఉంది."

సామ్యేలు ఊఁ అన్నాడు.

ఆమె కార్డును కంప్యూటరుకు పెట్టింది. పేర్లు సగం వచ్చి, కంప్యూటర్ కూడా బిగుసుకుపోయింది. ఆపి, ఆన్ చేసి, ఏదో వేరే ప్రోగ్రాం పెట్టి మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి రెండు ఫోల్డర్లు కనిపించాయి. ఒకటి డిజైన్లు, రెండోది VOICE. అందులో నలభై ఒక్క ఫైళ్ళు. కార్డును వేలితో ముట్టుకుని చూసి, వెంటనే వేలు తీసేసింది.

"కాలతాంది. ఎంతసేపు బతుకుతాదో చెప్పలేను. రెండూ ఒకేసారి రావు. ఒకటి తీసేలోపల రెండోది పోవచ్చు. ఏది ముందు తీయాలన్నా?"

షాపు ముందు ఆటోలు హారన్లు కొడుతున్నాయి. అర్చన తొందరపెట్టలేదు కానీ కళ్ళు మాత్రం కార్డు మీదే ఉన్నాయి.

"రెండోది," అన్నాడు.

"ఓనరు డిజైన్లు గావాలన్నాడని చెప్తివి గదా?"

"చెప్పినా. రెండోదే తీ."

ఒక్కో ఫైలూ వస్తోంది. నలభై ఒకటిలో ముప్పై ఎనిమిది వచ్చాయి. పనిచేస్తున్నాయో లేదో చూద్దామని అర్చన ఇయర్‌ఫోన్లు ఆయన చేతికిచ్చింది. ఆయన వాటిని బల్ల మీద పెట్టేశాడు. నువ్వు కూడా వినొద్దమ్మా అన్నాడు. వినకపోతే పాడైందో బాగుందో ఎట్ల తెలుస్తుందని ఆమె అడిగింది. మళ్ళీ తనే ఆలోచించి, సౌండు పూర్తిగా తీసేసి ఒక ఫైలు తెరిచింది. తెర మీద గీతలు వచ్చాయి, ఎత్తుపల్లాలుగా, ఎర్రమల కొండల్ని దూరం నుంచి చూసినట్టు. మధ్యలో ఒకచోట చాలాసేపు బల్లపరుపుగా ఉంది. మళ్ళీ చిన్న చిన్న గుట్టలు.

"మాటలే. బాగుండాది," అంది అర్చన.

ఆ బల్లపరుపు దగ్గర సరస్వతి దమ్ము తీసుకుని ఉంటుందని సామ్యేలు అనుకున్నాడు. లేకపోతే నర్సు వచ్చి ఉంటుంది. ఏడుపొస్తుందేమోనని ఎదురుచూశాడు. రాలేదు. ఆకలి వేసింది.

తర్వాత డిజైన్లు మొదలుపెట్టారు. పదకొండు వచ్చాక కార్డు చల్లబడింది. మళ్ళీ ఏ కంప్యూటర్ దాన్ని గుర్తుపట్టలేదు.

అర్చన రెండు కొత్త కార్డులిచ్చింది. ఒకదాని మీద మార్కరుతో మిషను అని, ఇంకోదాని మీద ఇల్లు అని రాసింది. ఇంటి కార్డులో ముప్పై ఎనిమిది, మిషను కార్డులో పదకొండు. తన కంప్యూటర్లో ఉన్నవి ఆయన ముందే తుడిచేసింది, ఆయనే అడిగాడు.

"ఇంటిది ఇంట్లోనే పెట్టు. రాతి పొడి, నీళ్ళు, ఆ అదురుడు, ఏ కార్డూ బతకదు. మళ్ళా మిషనులో పెట్టినావంటే నా దగ్గరికి రావద్దన్నా," అంది.

షెడ్డుకు వచ్చేసరికి లక్ష్మీనారాయణ వాకిట్లోనే ఉన్నాడు. పదకొండే వచ్చాయని చెబితే ఒక్కసారిగా కూలబడ్డాడు. మిగతావి కార్డు చచ్చిపోయి రాలేదా అని అడిగాడు. అవునంటే అక్కడికి అయిపోయేది. నిజానికి అది అబద్ధం కూడా కాదు.

"మా ఇంటామె మాటలుండాయి దాంట్లో. అవి ముందు తీయమన్నా. తీసేసరికి టైమైపాయ," అన్నాడు సామ్యేలు.

ఆ కార్డు ఎవరిదో లక్ష్మీనారాయణకు అప్పుడే తెలిసింది.

"చెప్పకుండా ఉండాల్సింది గదప్పా."

"ఉండొచ్చు."

"నేను ఇప్పుడు నిన్ను తిట్టాల్నా, వద్దా? నువ్వే చెప్పు."

ఓనరు లేచి, పంచె దులుపుకుని, లోపలికి పోతూ గుమ్మం దగ్గర ఆగాడు.

"గీసియ్. ఎట్ల గీస్తావో నాకు తెల్దు. పోయిన డిజైన్లన్నీ నాకు గావాల."

సామ్యేలు గీస్తున్నాడు. ఆయన చెక్కిన రాళ్ళు ఊళ్ళలో ఉన్నాయి కదా. ఆదివారం ఆరాధన అయిపోగానే సంచిలో పాత క్యాలెండర్ కాగితాలు, బొగ్గు ముక్కలు పెట్టుకుని బస్సెక్కుతాడు. రాయి మీద కాగితం పరిచి, బొగ్గుతో రుద్దుతాడు. చెక్కిన చోట తెల్లగా, మిగతాదంతా నల్లగా పడుతుంది. దాన్ని ఫోటో తీసి పంపిస్తే గీతలు కట్టి ఇచ్చే మనిషి కర్నూలులో ఉన్నాడు. శిరివెళ్లలో తోరణం రుద్దాడు. మిడుతూరులో చర్చి గోడకున్న ద్రాక్షగుత్తి రుద్దాడు. బనగానపల్లెలో ఆ మామిడికాయల వాళ్ళ గేటు దగ్గరికి పోతే, శనగగింజంత బొక్కలో ఊదుబత్తి గుచ్చి ఉంది, సగం కాలి.

ఆ ఇంటి పెద్దామె కమలాక్షమ్మ బయటికొచ్చి, ఈయన ఎవరో తెలుసుకుని, బొక్కను చూపించింది. "ఈడ ఊదుబత్తి గుచ్చను బో బాగుందప్పా. ఇంగోటి గూడా పెట్టింటే రెండు గుచ్చుతాంటి," అంది. ఇన్ని నెలల్లో సామ్యేలు పెదవి కొంచెం కదిలింది అప్పుడేనట. ఆమె మజ్జిగ ఇచ్చింది. తాగి, కాగితం చుట్టుకుని వచ్చేశాడు.

ఇప్పటికి తొంభై దాకా డిజైన్లు తిరిగొచ్చాయి. లక్ష్మీనారాయణ ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

ఇంక మిగిలింది ఒకటే. నంద్యాల నుంచి వచ్చిన మర్నాడు పొద్దున సామ్యేలు మిషను కార్డు పెట్టి ఆన్ చేశాడు. తెర మీద పదకొండు పేర్లు వచ్చాయి. బాణం నొక్కుకుంటూ పోయాడు. అలవాటైన చోట బొటనవేలు ఆగింది. అక్కడేమీ లేదు. పైకి పోయి మళ్ళీ కిందికి వచ్చాడు. పదకొండు పేర్లు, అంతే. ఆయన ఆ రోజు మిషను ఆన్ చేసి పెట్టుకుని, రాయి ఎక్కించకుండా, మధ్యాహ్నం దాకా దాని ముందే కూర్చున్నాడు. అన్నం టైముకు ఇంటికి పోయి, బీరువాలోంచి ఇల్లు అని రాసి ఉన్న కార్డు తెచ్చాడు. సరస్వతి ఫోనుకు పెట్టి డిజైన్లు కూడా అందులోకే ఎక్కించి, హ్యాండిల్లో గుచ్చాడు.

అదే ఇప్పటికీ మిషనులో ఉంది. ఏడు నెలలైంది. ఇంకో కాపీ ఎక్కడా లేదు. ముప్పై ఎనిమిదిలో ఒక్కటి కూడా ఆయన వినలేదు. రోజూ పొద్దున తెర మీద ఆ పేరు సరిగ్గా ఉందా, గళ్ళు పడ్డాయా అని చూస్తాడు. ఉంటే దాటి, డిజైను దగ్గర ఆగి, ఓకే కొడతాడు. మిషను ఎక్కడైనా కొంచెం నెమ్మదిస్తే చాలు, రాయి వైపు కాదు, తెర వైపు చూస్తాడు.

మొన్న నంద్యాలలో రోడ్డు మీద అర్చన ఎదురుపడి, విన్నావా అన్నా అని అడిగిందట.

"లేదమ్మా. వింటే ఐపోతాది గదా," అన్నాడట.

కార్డు ఇంట్లోనే భద్రంగా ఉందా అని ఆమె అడగలేదు. ఈయన చెప్పలేదు.

ఆ మిషను మళ్ళీ బిగుసుకునే రోజు వస్తుంది, రాక మానదు. అర్చన చెప్పింది, సామ్యేలుకూ తెలుసు. ఆ కార్డే మీ చేతిలో ఉండుంటే, ఆ ముప్పై ఎనిమిదీ వినేసి బీరువాలో దాచుకునేవాళ్ళా, లేక రోజూ పొద్దున ఆ పేరు కనబడితే చాలనుకునేవాళ్ళా? చెప్పండి, మీరైతే ఏం చేసుందురు?